మనం తక్కువ రాయించిన ధర

"మన పన్నుల సొమ్మంతా పంచిపెట్టేస్తున్నారు" అనే మాట మన మధ్యతరగతి ఇళ్లలో రోజూ వినిపిస్తుంది. అప్పులు పెరిగాయి, రోడ్లు గుంతలు పడ్డాయి, స్టేషన్‌కి వెళితే కేసు రాసుకోరు, పెట్రోలు మీద వ్యాట్ తగ్గించరు. ఇందులో అబద్ధమేమీ లేదు. నేనూ అంటాను, అనడం మానలేను కూడా. అయితే "మన పన్నులు" అన్నచోట ఈమధ్య నాకు నోరు పెగలడం లేదు. ఖజానాలో మనం వేసిందెంత, మనం వేయకుండా మిగుల్చుకుంటే మనకన్నా లేనివాడు వేసిందెంత అని చూస్తే, ఆ మాట అనే హక్కు మనకు పూర్తిగా లేదనిపిస్తుంది.

2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా రేటు పెట్టుకుని వసూలు చేసుకునే పన్నుల్లో పెద్దవి కొన్నే మిగిలాయి. పెట్రోలు, డీజిల్ మీద వ్యాట్, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను, మద్యం. పెట్రోలు బంకులో బేరం లేదు, అందరం కడతాం. రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం మనకో దారి ఉంది. మద్యం దగ్గర తాగేవాడికి ఏ దారీ లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల కథ చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

ఇల్లో స్థలమో కొనేటప్పుడు ఇచ్చే ధర ఒకటి, దస్తావేజులో రాసే ధర ఇంకొకటి. ఇది మనకు తెలియనిది కాదు, మనలో చాలామంది చేసిందే. "ప్రభుత్వ విలువకే రాయిద్దాం, మిగతాది చేతికివ్వండి" అని అమ్మేవాడు అంటాడు. అతను అనకపోతే మనమే అడుగుతాం. డాక్యుమెంట్ రైటర్‌కి ఇది రోజూ ఉండేదే, తలెత్తకుండా అంకె వేస్తాడు. సాక్షిగా తోడల్లుడో, ఆఫీసులో పనిచేసే మిత్రుడో సంతకం పెడతాడు. అలాంటి దస్తావేజుల మీద సాక్షి సంతకాలు నేనూ పెట్టాను. అది అబద్ధానికి సాక్ష్యమని అప్పుడు అనిపించలేదు. అనిపించలేదనడం కూడా సరికాదేమో. అనిపించినా, లోకమంతా చేసేదేగా అని సర్దుకున్నాను.

నెలనెలా జీతంలోంచి పన్ను కోయించుకునేవాడు ఈ ఒక్కచోట నాలుగు రాళ్లు మిగుల్చుకుంటే తప్పేమిటి అనే వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయలేను. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ ఖర్చులు విలువలో 7.5 శాతం దాకా అవుతాయి. చిన్న ఉద్యోగికి అది బరువే. కానీ ఆ ఏడున్నరలో ఒకటిన్నర శాతం బదిలీ సుంకం. అది ఊరి పంచాయతీకో మున్సిపాలిటీకో చేరవలసిన డబ్బు. సర్కార్లు దాన్ని సకాలంలో పంపకుండా ఆపుకుంటున్నాయన్నది నిజమే, దాని గురించి సర్పంచులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో చూశాం. అయినా కోటి రూపాయల ఇంటిని నలభై లక్షలకు రాయించినప్పుడు, పంచాయతీకి రావలసిన తొంభై వేలు ప్రభుత్వం చేతికి అందకముందే మనం మిగుల్చుకున్నాం. ఆ తరవాత వీధి దీపం వెలగలేదని సర్పంచిని నిలదీసింది కూడా మనమే.

అదే ఊళ్లో రోజుకూలీకి పోయేవాడు పొద్దుగూకాక ఒక క్వార్టర్ సీసా కొంటాడు. దాని ధరలో పెద్ద భాగం పన్నే. అతనికి తెల్లధనం, నల్లధనం లేవు, డాక్యుమెంట్ రైటర్ లేడు. సీసా మీద వేసినంతా కట్టాలి, లైసెన్సు లేని బెల్టు షాపులో అయితే ఆపైన పదో ఇరవయ్యో కూడా. మన రాష్ట్రాల్లో పైసా ఎగ్గొట్టకుండా పన్ను కట్టేవాళ్లలో అతను ముందుంటాడు. తెలంగాణ 2024-25 బడ్జెట్‌లో ఒక్క ఎక్సైజు పద్దు కిందే 25 వేల కోట్లకు పైగా రాబడి చూపారు. మద్యం మీద వచ్చే వ్యాట్ దీనికి అదనం. ఆ ఆదాయం తాగేవాళ్లు తాగడం వల్లే వచ్చింది, మనమేం తాగించలేదు కదా అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఖజానా ఒకచోట నిండకపోతే ఇంకోచోట వెతుక్కుంటుంది. మనం కట్టకుండా తప్పుకున్నంత మేరా అది, తప్పించుకోలేనివాడి జేబు వెతికింది.

ఇలా జరగకుండా ఆపే అవకాశం మనకు ఒకసారి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కూలీనాలీ చేసుకునే ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని, చదువుతోపాటు ఇంటి కష్టం కూడా మాట్లాడుకున్నవాళ్లు వాళ్లు. వాళ్లలో ఒకరైన వర్ధినేని రోశమ్మ పేరు ఊరూరా తెలిసింది. సారా దుకాణాల వేలం పాటలకు ఆడవాళ్లు అడ్డుపడితే పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే మద్యనిషేధం ఫైలుపై సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. చదువుకున్నవాళ్లం సభలు పెట్టాం, వ్యాసాలు రాశాం, చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు నిజమైనవే.

కానీ ఆదాయం పోయింది, దాన్ని ఎవరు భరించాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మనలో ఒక్కరూ ముందుకు రాలేదు. 1996లో కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. కరెంటు ఛార్జీలు పెరిగాయి. బియ్యం ధర పెరిగితే దెబ్బ తగిలేది ఆ ఆడవాళ్లకే. మనకు కోపం వచ్చింది కరెంటు బిల్లు చూసి. నిషేధం ఆడవాళ్ల పోరాటం కాబట్టి దాని ఖర్చు కూడా వాళ్లదే అన్నట్టు ఊరుకున్నాం. పెళ్లిళ్లకు యానాం నుంచో కర్ణాటక నుంచో సీసాలు తెప్పించుకున్న ఇళ్లు మనవే. 1997లో నిషేధం సడలించినప్పుడు, నిషేధం ఎక్కడా నడవదని ముందే చెప్పామని చెప్పుకున్నాం. నడిచేది కాదేమో, నాకు తెలియదు. దొంగసారా, కల్తీ, లంచాలు అప్పుడూ ఉన్నాయి. కానీ నడవకపోవడం వేరు, మనం నడవనివ్వకపోవడం వేరు. ఆ రెండూ ఎంతెంతో విడదీసి చూసే ఓపిక మనకు లేకపోయింది. పోరాడిన ఊళ్లకు వెళ్లి, ఇప్పుడేం చేద్దామమ్మా అని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే.

ఆ తరవాతి ముప్పై ఏళ్లలో మన గొంతు ఎటు తిరిగిందో చూస్తే బాధ కలుగుతుంది. 1994లో నిషేధం మాటకు ఓట్లు పడ్డాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీ నిషేధమని చెప్పినవాళ్లు గెలిచారు. దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, ధరలు పెంచింది. 2022లో రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ఎనిమిది వేల కోట్లకు పైగా విలువైన బాండ్లు అమ్మింది, 9.62 శాతం వడ్డీకి. ముందు ముందు తాగబోయే సీసాల మీద అప్పు అది. బ్యాంకు డిపాజిట్‌కన్నా వడ్డీ బాగుందని ఆ బాండ్లు కొన్నవాళ్లలో మనలాంటి పొదుపరులు కూడా ఉన్నారు. ఎవరి గొంతు తడిస్తే ఆ వడ్డీ వస్తుందో అడగలేదు. 2024 నాటికి ఎన్నికల వేదికల మీద మాట మంచి మద్యం, తక్కువ ధర దాకా వచ్చింది. 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది. బ్రాండ్లు బాగోలేవని మూడు నాలుగేళ్లు కోప్పడిన మనం, తాగుడు తగ్గిందా పెరిగిందా అని అంత గట్టిగా ఎప్పుడూ అడగలేదు.

ఇది పార్టీల తప్పు అని రాసేస్తే నాకు సులువు. కానీ చాలా పల్లెల్లో బెల్టు షాపు పెట్టుకునే హక్కును ఊరి కమిటీయే వేలం వేస్తుంది. పాట పాడుకున్నవాడి డబ్బుతో గుడి కట్టిస్తారు, జాతర జరిపిస్తారు. ఇందులో ప్రభుత్వం చెయ్యి లేదు. ఎక్సైజు వాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, అంతే. పాట రోజున అరుగు మీద కూర్చునేది మన పెదనాన్నలు, మన మాజీ మాస్టార్లు. గుడికి సున్నం వేయించిన దాతల పేర్లలో మన పేరూ ఉంటుంది. పట్నంలో ఉండి పండక్కి మాత్రమే వెళ్లేవాళ్లం కూడా, ఆ డబ్బు ఎక్కడిదో తెలిసే తీర్థం పుచ్చుకున్నాం.

నేరాల సంగతి దీంతో ముడిపడే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం తాగుతారు. దేశం మొత్తం మీద అది 19 శాతం లోపే. దెబ్బలు తిన్న ఆడపిల్ల పుట్టింటికి వస్తే మనం ఏమంటామో నేను చెప్పనక్కరలేదు. "తాగినప్పుడే కదమ్మా, మామూలప్పుడు మంచివాడే." స్టేషన్‌లో రాజీ చేసి పంపేస్తారని పోలీసుల్ని తప్పుపడతాం, ఆ రాజీకి పెద్దమనుషులుగా వెళ్లి కూర్చునేది మనమే. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక యువతి కనబడకుండా పోయిన రాత్రి, ఇది మా పరిధి కాదంటూ ఆమె ఇంటివాళ్లను తిప్పారు. ఆ రాత్రి గురించి అడగవలసినవి చాలా ఉన్నాయి. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర, ఆమెను చంపిన కేసులో నలుగురు నిందితుల్ని కాల్చి చంపితే, మనవాళ్లు పోలీసుల మీద పూలు చల్లారు, అడగవలసినవన్నీ అక్కడితో ఆగిపోయాయి. ఆ ఎన్‌కౌంటర్ నిజమైనది కాదని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తేల్చేసరికి మనం వేరే వార్తల్లో ఉన్నాం. ఆ ఘటన తరవాత ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఇరవయ్యొక్క రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు చేసింది, దానికి రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. స్టేషన్లలో సిబ్బంది ఎంతమంది, ఫిర్యాదు తీసుకోకపోతే ఎవరు జవాబుదారీ అని అడిగే ఓర్పు మనకు లేదని పాలకులకు తెలిసిపోయింది.

ఖర్చు విషయంలోనూ మన చేతులు శుభ్రంగా లేవు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు సీజనుకు నాలుగు వేలు, ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు, కౌలు రైతుకు మాత్రం లేదు. మనలో పొలం దున్ననివాళ్లం, అమెరికాలో ఉన్నవాళ్లం కూడా బ్యాంకు మెసేజ్ చూసుకుని ఊరుకున్నాం. వెనక్కిచ్చినవాళ్లు కొద్దిమందే. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలని 2019 చట్టంలో పెట్టారు. పొలం మీద హక్కు అడుగుతాడేమోనని చాలామంది ఒప్పుకోలేదు. వాళ్లూ మనవాళ్లే. మనకొచ్చినప్పుడు సాయం, కూలి ఆడమనిషి ఖాతాలో పడినప్పుడు ఉచితం. ఆమె ఖాతాలో పడిన దాంట్లో ఆమె మొగుడు సీసా మీద కట్టిన పన్ను కూడా ఉంది.

2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే, రెండు లక్షల రుసుము పోతే పోయిందని లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వేశారు. లాటరీ తగలకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. నలుగురైదుగురు మిత్రులు చందాలేసుకుని ఒక్కో దరఖాస్తు పెట్టారు. ఆంధ్రలో 2024లో 3,396 దుకాణాలకు దాదాపు తొంభై వేల దరఖాస్తులు. ఒక్క దరఖాస్తుల రుసుముల్లోనే రెండు ఖజానాలకు నాలుగు వేల కోట్లు దాటి వచ్చాయి. ఆంధ్రలో ఈ లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30 దాకా, తెలంగాణలో ఆ తరవాత ఇచ్చినవాటికి 2027 నవంబరు 30 దాకా. గడువు తీరకముందే మళ్లీ దరఖాస్తులు పిలుస్తారు. వేసేవాళ్లలో మన తమ్ముళ్లు, మేనల్లుళ్లు ఉంటారు. ఓ లక్ష సర్దమని మనల్నే అడుగుతారు.