అవాంఛిత రోమాలూ, లేజరు కిరణాలూ

మన కళాశాల ద్వారానికి ఎదురుగా, జిరాక్సు దుకాణం పై అంతస్తున, రెండేళ్ళ క్రితం ఒక పెద్ద బోర్డు వెలసింది. పాలరాతి బొమ్మ వంటి ఒక యువతి ముఖం, దాని క్రింద "శాశ్వత విముక్తి" అన్న రెండు మాటలు, ఆ క్రింద విద్యార్థినులకు ప్రత్యేక రాయితీ కలదన్న ప్రకటన. ప్రతిదినం ఆ బోర్డు నీడలోనే మనమందరం బస్సు దిగుతున్నాము. చూచి నవ్వుకొని పోయేవారు కొందరు, చూచి నిట్టూర్చేవారు కొందరు. మాతో కలసి చదివిన ఒక సోదరి మాత్రం ఒకనాడు ఆ మెట్లెక్కింది. ఆమె అనుమతితో, ఆమె పేరు చెప్పక, ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము.

ఆమె గడ్డం క్రింద, పై పెదవి మీద, కొంచెం దట్టంగా వెంట్రుకలుండేవి. తరగతిలో ఆమెకు పెట్టిన మారుపేరు ఇక్కడ వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉన్నది. పెట్టినవారికి అప్పుడు లేకపోయినది అదే. స్కాలర్‌షిప్పు సొమ్ములో ఇంటికి పంపగా మిగిలినదంతా కూడబెట్టి, ఆరు విడతల చికిత్సకు కావలసిన రుసుమును ఒకేసారి చెల్లించింది. మూడవ విడత తరువాత గడ్డమంతా పొక్కులు లేచాయి. పొక్కులు మానిన చోట నల్లని మచ్చలు నిలిచాయి. అడిగితే, "ఇది మామూలే, తగ్గిపోతుంది" అన్నారట. అన్నవారు వైద్యులు కారు. ఆ యంత్రమేమిటో ఆమెకు తెలియదు, ఆమె సంతకం చేసిన కాగితంలో ఏమున్నదో తెలియదు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉన్నది. చేయబోయే ముందు ఎవరైనా ఆమెను ఒక్క ప్రశ్న అడిగియుంటే, ఆమె ఆ వారమంతా ఖోఖో పోటీల కోసం మధ్యాహ్నపుటెండలో సాధన చేస్తున్నదని తెలిసేది.

సౌందర్యకాంక్షను నిందించడం మా ఉద్దేశం కాదు. అలా నిందించేవారు సాధారణంగా ఆ బాధ ఎరుగనివారే. మన అవ్వలు పసిపిల్లల ఒంటికి పిండిముద్ద రుద్ది నూగు పోగొట్టలేదా? పెళ్ళికూతురికి నలుగు పెట్టినా, ఉర్దూ ఇండ్లలో ఉబ్టన్ పూసినా, ఉద్దేశం ఒక్కటే కదా. దారంతో కనుబొమలు దిద్దించుకోవడం నేడు ఏ ఊరిలోనైనా ఉన్నదే. కాగా దారానికీ, పసుపుకూ లేని శక్తి కాంతికి ఉన్నది. శక్తి ఉన్న వస్తువు వలన మేలు ఎంత కలదో, తెలియక వాడితే హాని అంత కలదు.

ఈ విషయంలో చరిత్ర మనకు ఒక పాఠం ముందే చెప్పి ఉంచింది. అమెరికాలో 1875లో చార్లెస్ మిషెల్ అనే నేత్రవైద్యుడు, కంటిలోనికి పెరిగే రెప్పవెంట్రుకల బాధను పోగొట్టడానికై సన్నని సూది ద్వారా విద్యుత్తును వెంట్రుక మూలానికి పంపాడు. విద్యుద్విశ్లేషణ అనే ఆ పద్ధతి నేటికీ ఉన్నది; ఒక్కొక్క వెంట్రుకను విడివిడిగా పట్టుకోవలసి ఉన్నందున చాల ఓపిక కావాలి. తరువాత ఎక్స్-రే కిరణాలు వచ్చాయి. 1920వ దశకంలో అమెరికా నగరాలలో సౌందర్యశాలలవారు స్త్రీల ముఖాలమీద ఎక్స్-రేలు ప్రసరింపజేసి, నొప్పి లేదు, మచ్చ లేదు అని ప్రకటించుకొన్నారు. వెంట్రుకలు నిజంగానే రాలిపోయాయి. ఏండ్లు గడచిన పిదప చర్మం ముడుతలు పడి, పుండ్లు పడి, పలువురికి కాన్సరు సోకింది. లేజరు ఎక్స్-రే వంటిది కాదని ఇక్కడనే స్పష్టం చేయవలసి ఉన్నది. అది కాంతి మాత్రమే, కాన్సరు కలిగించే కిరణజాలం కాదు. అయితే నాటి ప్రకటనలోని మాటలకూ, నేటి బోర్డుమీది మాటలకూ ఉన్న పోలిక మాత్రం మమ్ములను కలవరపెడుతున్నది.

లేజరును మొదట వెలిగించినవాడు థియొడర్ మైమన్, 1960లో. చర్మంలోని ఒక పదార్థాన్ని మాత్రమే ఎన్నుకొని వేడిచేసి, ప్రక్కనున్నదానిని తాకకుండా ఉండడం ఎలాగో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1983లో వివరించారు. రోమాల చికిత్సకు ఆధారం ఆ సూత్రమే. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ అనే వర్ణకం కాంతిని పీల్చి వేడెక్కుతుంది. ఆ వేడి మూలానికి పాకి దానిని దెబ్బతీస్తుంది. కనుక నరసిన వెంట్రుకమీద లేజరు పని చేయదు, కాల్చడానికి అందులో నలుపు లేదు గనుక. సన్నని నూగుమీదనూ ఫలితం స్వల్పమే.

మనవంటివారు జాగ్రత్తగా ఆలోచించవలసిన అంశం ఇచ్చటనే ఉన్నది. మెలనిన్ వెంట్రుకలో మాత్రమే కాదు, చర్మంలోనూ ఉన్నది. బోర్డుమీది యువతి చర్మం తెలుపు, వెంట్రుక నలుపు; కాంతికి లక్ష్యం స్పష్టం. మన చర్మం చామనచాయ. యంత్రం కాంతి ఎవరిని కాల్చవలెనో తెలియక ఇద్దరినీ కాలుస్తుంది. పొక్కులూ మచ్చలూ వచ్చేది అందువలననే. చర్మవైద్యులు 1975 నుండి వాడుకలో ఉన్న ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో చర్మాన్ని ఆరు తరగతులుగా విభజిస్తారు. మనలో అధికసంఖ్యాకులు నాలుగు, ఐదు తరగతులకు చెందినవారు. అలెగ్జాండ్రైటు లేజరు కాంతి 755 నానోమీటర్లది. అది తెల్లని చర్మానికి తగినది. డయోడు లేజరు సుమారు 810. ఎన్‌డీ యాగ్ అనేది 1064. చర్మపు పైపొరలోని మెలనిన్ దానిని తక్కువగా పీలుస్తుంది, కాంతి లోతుకు పోతుంది, కావున నల్లని చర్మానికి అది ఎక్కువ క్షేమకరం. దానితో నొప్పి కొంత ఎక్కువ. ఇవిగాక ఐ.పి.ఎల్. అని మరొకటి ఉన్నది. అది లేజరే కాదు, పలు రంగులు కలిసిన తీవ్రమైన వెలుగు. దానిని కూడ లేజరనే చెప్పి అమ్మడం పరిపాటి. ఇంటిలో వాడుకొనే చిన్న పరికరాలలో చాలవరకు ఈ తరహావే. వాటి పెట్టెమీద నల్లని చర్మానికి పనికిరాదన్న హెచ్చరిక చిన్న అక్షరాలలో ఉంటుంది. కనుక మెట్లెక్కినవారు ధర కంటె ముందుగా అడగవలసిన ప్రశ్న: ఇది ఏ యంత్రం, నా చర్మానికి తగునా, దీనిని నడిపేది ఎవరు, వైద్యులు భవనంలో ఉంటారా? సమాధానం చెప్పడానికి విసుగుకొనేచోట కూర్చోనవసరం లేదు. పరదా పాటించే సోదరీమణులు నడిపేది స్త్రీయేనా అని కూడ నిస్సంకోచంగా అడగవచ్చును. చెవి వెనుకనో దవడ క్రిందనో చిన్నచోట పరీక్షించి, కొన్ని దినాలు ఆగి చూచిన తరువాతనే తక్కిన భాగానికి ఒప్పుకోవాలి. మన సోదరికి ఈ పరీక్ష జరుగనే లేదు.

"శాశ్వతం" అన్న మాట సంగతి. అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ ఈ యంత్రాలను గూర్చి అంగీకరించిన మాట శాశ్వత నిర్మూలనం కాదు, శాశ్వతమైన తగ్గింపు. అనగా చికిత్స ముగిసిన చాల నెలల తరువాత లెక్కించినపుడు వెంట్రుకల సంఖ్య మునుపటి కంటె తక్కువగా స్థిరపడి ఉండడం. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరమున్నదో తర్కశాస్త్రం చదివేవారికి మేము చెప్పనక్కరలేదు. వెంట్రుకలన్నీ ఏకకాలంలో పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని విశ్రమిస్తుంటాయి. పెరిగే దశలోనున్నవే లేజరుకు దొరుకుతాయి. అందుచేతనే ముఖానికి నెలకొకసారి, కాళ్ళకు ఆరేడు వారాలకొకసారి చొప్పున ఆరు, ఎనిమిది విడతలు అవసరమవుతాయి. ఆ పిదప కూడ అప్పుడప్పుడు మరల పోవలసి వస్తుంది. అరుదుగా, ముఖ్యంగా ముఖమూ మెడా భాగాలలో, చికిత్స చేసిన చోట వెంట్రుకలు తగ్గకపోగా పెరగడం కూడ కలదు. ఇది చామనచాయ చర్మం కలవారిలోనూ, హార్మోనుల లోపమున్నవారిలోనూ కనబడిన విషయమే. ఏ బోర్డుమీదనూ ఇది వ్రాయరు.

హార్మోనుల మాట వచ్చింది గనుక అసలు విషయానికి వద్దాము. మన సోదరి చివరకు ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి పోగా, అక్కడి డాక్టరమ్మ మచ్చలను చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "నెలసరి సక్రమంగా వస్తున్నదా, అమ్మా?" రావడం లేదు. మూడేళ్ళుగా రావడం లేదు. అంతవరకు ఎవరూ అడుగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. పరీక్షలలో పి.సి.ఓ.ఎస్. అని తేలింది. స్టైన్, లెవెంతాల్ అనే వైద్యులు 1935లో వర్ణించిన వ్యాధి ఇది. సంతానవతులు కాగల వయసులోని స్త్రీలలో 8 నుండి 13 శాతానికి ఇది ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. అందులో అధికసంఖ్యాకులకు అది తమకున్నదన్న సంగతే తెలియదు. దీనిని ఉపేక్షిస్తే తరువాత మధుమేహం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ముఖంమీది వెంట్రుక ఇక్కడ శత్రువు కాదు, లోపలి సంగతి చెప్పడానికి వచ్చిన దూత. దూతను కాల్చివేసి ఉత్తరాన్ని చింపివేస్తే ఏమి లాభం? లోపలి కారణానికి మందు వాడనంతకాలం క్రొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి, రుసుము చెల్లిస్తూనే ఉండవలసి వస్తుంది. వెంట్రుకలు హఠాత్తుగా, కొద్ది నెలలలోనే పెరిగి, కంఠస్వరం కూడ మారినట్లయితే లేజరు మాట మరచి వెంటనే ఆసుపత్రికి పోవాలి. గ్రంథులలో కణితి ఉండవచ్చును.

అందరికీ ఈ వ్యాధి ఉన్నదని కాదు. దక్షిణాసియా స్త్రీలకు స్వభావసిద్ధంగానే వెంట్రుకలు కొంచెం ఎక్కువ. మన తల్లులకూ ఉన్నవి, మేనత్తలకూ ఉన్నవి. గీస్తే దట్టంగా మొలుస్తాయన్న నమ్మకం ఒకటి మన ఇండ్లలో పాతుకొనిపోయింది. అది నిజం కాదు. గీసిన కొస మొద్దుగా ఉండడం వలన అలా తోచుతుందంతే. నిజానికి లేజరుకు పోబోయేవారు చేయదగినది గీయడమే. దారంతోగాని, మైనంతోగాని నెలా నెలన్నర ముందు నుండి పీకరాదు. మూలమే లేకపోతే కాంతి దేనిని కాలుస్తుంది? ఎండ తగలరాదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, మరే మందు వాడుతున్నా, గర్భవతులైనా ముందుగా వైద్యునికి చెప్పాలి. తెల్లబడడానికని మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని పూసుకొనే స్టిరాయిడ్ క్రీముల సంగతి దాచరాదు. అవి చర్మాన్ని పలుచబరుస్తాయి. కళ్ళకు రక్షక అద్దాలు తప్పనిసరి. కనుబొమ క్రింద, రెప్పల దగ్గర లేజరు వద్దే వద్దు.

నొప్పి తెలియకుండా పూసే మత్తు క్రీము విషయంలో ఒక మాట. అమెరికాలో లేజరు చికిత్సకు ముందు కాళ్ళనిండ ఆ క్రీమును దట్టంగా పూసి, పైన పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టుకొన్న ఇద్దరు యువతులు మరణించారు. వారికి 22, 25 ఏండ్లు. మందు చర్మం ద్వారా అధికంగా రక్తంలోనికి ఇంకిపోయింది. 2007లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై ప్రజలను హెచ్చరించింది. ఎవరో ఇచ్చినదానిని ఇంటివద్ద పూసుకొని బయలుదేరడం ఎంత ప్రమాదమో గ్రహించాలి.

ఇక కమిటీవారికి మా విన్నపాలు. సంవత్సరానికొకసారి ఒక లేడీ డాక్టరును పిలిపించి, విద్యార్థినులకు తెలుగులోనూ ఉర్దూలోనూ ఈ విషయాలు చెప్పించండి. నెలసరి మాట బహిరంగంగా ఎత్తరాదని కొందరు పెద్దలు అనవచ్చును. ఆ మౌనం వలన మన సోదరికి మూడేళ్ళు వృథా అయినవి. సంతకం పెట్టమనే కాగితాన్ని మొదట ఇక్కడికి తెచ్చుకొంటే, ఆంగ్లశాఖవారు చదివి అర్థం చెప్పే ఏర్పాటు చేయవచ్చును. విద్యార్థి సోదరులకు విన్నపం వేరే ఉన్నది, అది ఒక్క వాక్యమే: మారుపేర్లు మానండి.

ఆమె ఇప్పుడు మందులు వాడుతున్నది. మచ్చలు చాలవరకు తగ్గాయి. ఆరు నెలల తరువాత, చర్మవైద్యురాలి పర్యవేక్షణలో, పరీక్ష చేయించుకొని, మరల లేజరుకే పోతున్నది. అందులో తప్పేమీ మాకు కనిపించడం లేదు. ఆ మచ్చలున్న నెలలలో ఆమె తరగతికి రాలేకపోయినందున హాజరు తక్కువైనదని అపరాధ రుసుము కట్టించుకొన్నారు. ఆసుపత్రి చీటీలు ఆమెవద్ద భద్రంగా ఉన్నవి. కమిటీవారు వాటిని పరిశీలించి ఆ సొమ్ము తిరిగి ఇప్పించవలసినదిగా, ఈ సంచిక ముఖంగా కోరుతున్నాము.