బస్తా మీద పడిన రోజు నుంచే బాకీ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సార్ అడిగినప్పుడు చదువు గొప్పతనం గురించి రాద్దామనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. కానీ రాయడానికి కూర్చుంటే, నా చదువు మా ఇంటికి చేసిన నష్టమే ముందుగా గుర్తుకొచ్చింది.

మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. 2017 ఫిబ్రవరి, మిర్చి సీజన్. ఒక గోదాములో ఎత్తుగా పేర్చిన బస్తాల్లో పైవరుస జారి బాపు మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లిన గుమస్తా "ఇంటికాడ మెట్ల మీద జారిండు" అని చెప్పాడు. చీటీలో అదే రాశారు. మాది రేకుల ఇల్లు, దానికి మెట్లే లేవు.

రెండు వారాల తర్వాత ఆ గుమస్తానే పదిహేను వేల రూపాయలు, ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. బాపుకు చదువు రాదు. నేనప్పుడు ఇదే హాస్టల్లో తొమ్మిదో తరగతి. బాపును చూడడానికి ఇంటికి వచ్చి ఉన్నాను. "నీ కొడుకు చదువుకున్నోడే గదా, చదివించుకో" అన్నాడు గుమస్తా. నేను తప్పు లేకుండా గట్టిగా చదివాను. పూర్తి సొమ్ము ముట్టిందనీ, ఇకమీదట ఎలాంటి క్లెయిము లేదనీ అందులో ఉంది. క్లెయిము అంటే ఏమిటో నాకు తెలియదు, పలకడం మాత్రం బాగానే పలికాను. గుమస్తా మెచ్చుకున్నాడు. బాపు వేలిముద్ర వేశాడు.

పీజీలో కార్మిక చట్టాల పేపరు చదివేటప్పుడు ఆ కాగితం మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923లోనే చట్టం చేశారు. ఆ చట్టం కింద హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదు. ఒకేసారి ఇంత తీసుకుంటామని ఒప్పందం చేసుకుంటే దాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. అంటే నేను అంత గర్వంగా చదివిన కాగితానికి విలువే లేదు. బాపుకు రావలసిన హక్కు మాత్రం వేరే దారిలో పోయింది. రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు దాటేనాటికి నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. సరైన కారణం చూపిస్తే ఆలస్యమైనా తీసుకోవచ్చనే వెసులుబాటు చట్టంలో ఉంది. ఆ విషయానికి తర్వాత వస్తాను.

లెక్క కట్టి చూశాను. 2017లో నెలకు 8,000 వరకే కూలిని లెక్కలోకి తీసుకునేవారు. 2020 జనవరిలో ఆ పరిమితిని 15,000 చేశారు. శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైతే కూలిలో 60 శాతాన్ని వయసుకు తగిన సంఖ్యతో గుణించాలి. బాపుకు అప్పుడు నలభై ఏళ్లు, ఆ వయసుకు సంఖ్య 184.17. మొత్తం 8,84,016 రూపాయలు. సంపాదించే శక్తిలో ముప్పై శాతమే పోయిందని డాక్టరు రాసినా రెండు లక్షల అరవై అయిదు వేలు దాటుతుంది. మాకు ముట్టింది పదిహేను వేలు. అందులో మందుల ఖర్చు కూడా కలిసే ఉంది.

అయితే ముప్పై శాతమా, నూరు శాతమా? ఒడిశాలోని జయపూర్‌లో 1968లో సినిమా హాల్లో పని చేస్తూ ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చేయి తీసేయవలసి వచ్చింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికి నూరు శాతం నష్టం జరిగినట్టేనని సుప్రీంకోర్టు 1975లో ఒప్పుకుంది. పరిహారం దెబ్బ తగిలిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా చెప్పింది. బస్తా ఎత్తలేని హమాలీకి ఎంత శాతం మిగిలిందని అనుకోవాలి? మా బాపు మూడు నెలలు మంచంలో ఉండి లేచాక మళ్లీ బస్తా ఎత్తలేదు. ఇప్పుడు హన్మకొండలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్.

"హమాలీ మా ఉద్యోగి కాదు, బస్తాకింత అని ఇస్తున్నాం, పొద్దంతా అయిదు దుకాణాల్లో పని చేస్తాడు" అని వ్యాపారులంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ గోదాముల్లో, మార్కెట్లలో సరుకు మోసేవాళ్లు ఆ చట్టం షెడ్యూల్లోనే ఉన్నారు. రోజుకూలీ అని పక్కన పెట్టే వీలును కూడా 2000లోనే తీసేశారు. తప్పు ఎవరిదని నిరూపించే పని లేదు. కావలసిందల్లా ఆ రోజు ఆ గంటకు ఎవరి సరుకు మోస్తున్నాడన్న రుజువు. రైతు తక్‌పట్టీలో హమాలీ ఖర్చు పైసలతో సహా రాస్తారు గానీ ఆ హమాలీ ఎవరో రాయరు. ఏ దుకాణంలో ఏ ముఠా పని చేసిందో మార్కెట్ కమిటీ రోజూ రిజిస్టర్‌లో రాయించాలని నా అభిప్రాయం. దానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు.

2021 నవంబరులో శ్రీరాంపూర్ గనిలో పైకప్పు కూలి నలుగురు సింగరేణి కార్మికులు చనిపోతే రాష్ట్రమంతా తెలిసింది. బస్తా పడి ఒక్కడి తుంటి విరిగితే పక్క వీధికి కూడా తెలియదు.

ఏటా ఏప్రిల్ 14న మన హాల్లోని అంబేడ్కర్ గారి ఫోటోకు దండ వేస్తాం. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది ఆయనేనని వ్యక్తృత్వ పోటీల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. నేనూ చెప్పలేదు, అయినా రెండుసార్లు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది.

1923 చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పేరు మారినా ముఖ్యమైన సూత్రాలు, రెండేళ్ల గడువు అలాగే ఉన్నాయి. అందుకే ఈ హాస్టల్లో ఉన్న హమాలీల, మేస్త్రీల, క్వారీ కూలీల పిల్లలకు చెబుతున్నాను. ఇంట్లో ఎవరికైనా అలాంటి దెబ్బ తగిలితే ఆస్పత్రి చీటీలో ఎక్కడ, ఎలా తగిలిందని రాశారో ముందు మీరే చదవండి. తప్పుంటే అక్కడే అడగండి. యజమాని తెచ్చిన కాగితం మీద ఆ రోజే వేలిముద్ర వేయనివ్వకండి. కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి.

ఆలస్యమైనా సరే ఒక దరఖాస్తు పెట్టి చూద్దామని నిరుడు బాపును అడిగాను. "వద్దు బిడ్డా. మీ చిన్నాయిన ఇంకా ఆడనే మోస్తుండు. రేపు ఆయనకు పని బందు పెడితే ఎవలు సూస్తరు?" అన్నాడు. ఆ ప్రశ్నకు నేను చదివిన ఏ చట్టంలోనూ జవాబు దొరకలేదు. దరఖాస్తు పెట్టలేదు.

చిన్నాయినకు మాత్రం ఒక నోట్‌బుక్ కొనిచ్చాను. ఆయనకూ చదువు రాదు. ఆరో తరగతి చదువుతున్న ఆయన బిడ్డ రోజూ రాత్రి ఆయనను అడిగి తారీఖు, దుకాణం, ఎన్ని బస్తాలు, పక్కన ఎవరెవరున్నారు అన్నీ రాస్తోంది. మొన్న చూశాను, నలభై పేజీలు నిండాయి.