మెరకలు తవ్వేస్తే సముద్రానికి అడ్డేది?

కొల్లేరు నుంచి సముద్రానికి ఇవాళ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. దాదాపు 6000 ఏళ్ల కిందట ఆ ప్రాంతం తీరాన్ని ఆనుకుని ఉండేది. ఇంకా వెనక్కి, 20,000 ఏళ్ల నాటి మంచుయుగానికి వెళ్తే, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగి సముద్రం పైకొచ్చి ఆనాటి నేలను, ఏటి లోయలను ముంచేసింది. ఆ తర్వాత కృష్ణా గోదావరులు ఒండ్రు పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. అలా నెట్టుకొచ్చిన దారిలో మిగిలినవే డెల్టాలో తీరానికి సమాంతరంగా సాగే ఇసుక మెరకలు. ఊళ్లూ తోటలూ మెరక మీద, వరి పల్లంలో ఉండటం రైతు ఎప్పుడో కనిపెట్టిన తెలివి. మెరక ఇసుకలో బావి తవ్వితే వాననీరు నిలిచిన తీపి ఊట. కాస్త పక్కన పల్లంలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరు. పాత తీరం పైరు కింద ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ మెరకలనే మనం ఇసుక కోసం తవ్వి, చదును చేసి, చెరువులుగానూ లేఅవుట్లుగానూ మార్చేస్తున్నాం.

సముద్రం ముందుకీ వెనక్కీ జరగడం కొత్తేమీ కాదు, ఇప్పుడెందుకీ గాభరా అని అడగవచ్చు. జరగడం పాతదే, కానీ దాన్ని ఆపిన ఒండ్రు ఇప్పుడు రావడం లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మోసుకొచ్చే మేట 1970ల నాటితో పోలిస్తే 2000 తర్వాత మూడోవంతు దరిదాపులకు పడిపోయింది. కృష్ణ మేటను శ్రీశైలం, నాగార్జునసాగర్ పట్టేస్తున్నాయి. ఆనకట్టలు కూల్చమనే వాదన నాది కాదు, వాటి నీళ్లే మన అన్నం. అందుకే ఉన్న ఇసుకనైనా కాపాడుకోవాలి. ఇక సముద్రమట్టం ఏడాదికి నాలుగు మిల్లీమీటర్లు పెరగడం ఒక లెక్కా అంటారా? కొల్లేరునే చూడండి. అభయారణ్యం హద్దును +5 అడుగుల కాంటూరు నుంచి +3కి దించమని ఏళ్లుగా గొడవ. తేడా రెండడుగులే. ఆ రెండడుగులు దించితే 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో సగానికి పైగా ఎగిరిపోతుంది! అంత చదునైన నేల మీద అడుగు నీరంటే ఊళ్లకు ఊళ్లే. పైగా ఒండ్రు నేల తన బరువుకు తానే కుంగుతుంటుంది.

గోడ కడితే సరిపోదా? ఉప్పాడలో ఇసుక నింపిన జియోట్యూబులతో కట్టిన గోడే అలలకు దెబ్బతింది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్ మాసబ్ ట్యాంకు వాళ్లకు ఈ గోల దేనికని కొందరు నవ్వవచ్చు. పేరులో తప్ప చెరువు మిగలని పేటకు, పల్లం సంగతి మరిస్తే ఏమవుతుందో ఒకరు చెప్పాలా?

2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భీమిలి ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. సముద్రం వెనక్కి తగ్గిన రోజుల్లో గాలి తెచ్చిపోసిన ఇసుక అది. మంచి పనే. అయితే డెల్టా మెరకలకు అందం లేదు, పర్యాటకులు రారు, కనుక గుర్తింపూ లేదు. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, తీరంలో ముంపు, కోత ముప్పు ఎంతవరకో చూపే ప్రమాద రేఖను విపత్తు ప్రణాళికకే పరిమితం చేసింది, కట్టడాల అనుమతికి దాన్ని కొలమానం చేయలేదు. అక్కడే పట్టుబట్టాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ గీసిన తీర దుర్బలత్వ పటాల మీద పాత మెరకలను, పల్లాలను సర్వే నంబర్లతో సహా ఎక్కించి, గ్రామ రికార్డుల్లో నమోదు చేయాలి. ఆ పని పూర్తయ్యేదాకా మెరక ఇసుకకు కొత్త అనుమతి ఇవ్వకూడదు.