తాళం వేసిన గదిలో నెట్‌వర్క్

మన కళాశాల మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. ఎప్పుడు చూసినా తాళమే. లోపల ఫ్యాను చప్పుడు, తలుపు సందులోంచి పచ్చదీపాల మిణుకు. లైబ్రరీకీ, లాబులకీ, హాస్టలుకీ ఇంటర్నెట్ అందేది అక్కణ్ణించే. కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపరు ప్యాసై బయటికి వెళ్ళిన మన విద్యార్థుల్లో ఆ గడప తొక్కినవారెందరు? నాకు తెలిసి ఒక్కరూ లేరు. నెట్ ఆగితే కాంట్రాక్టరు మనిషి వస్తాడు, తలుపు వేసుకుని ఏదో చేసి పోతాడు. మనం వరండాలో నిలబడి "వచ్చిందా?" "ఆఁ, వచ్చింది" అనుకుంటాం.

డిగ్రీ చేతికొచ్చాక అదే విద్యార్థి, నాన్న అప్పు చేసి పంపిన డబ్బుతో అమీర్‌పేటలో గది తీసుకుని నెట్‌వర్కింగ్ కోర్సులో చేరతాడు. ఇది ఎంతవరకు సమంజసం?

కోర్సులు దండగ అనడం లేదు. 1998లో మొదలైన సీసీఎన్ఏ పరీక్షకు విలువ ఉంది. ఫీజు 300 డాలర్లు, అంటే పాతికవేల రూపాయల పైమాటే. కొత్తవాళ్ళ కోసం 2023లో అంతకంటే కింది మెట్టుగా సీసీఎస్‌టీ వచ్చింది, దానికి 125 డాలర్లు. అంత డబ్బు పోసినవాడికి తప్పుతానేమోనన్న భయం. ఆ భయాన్ని ఆసరా చేసుకునేవే 'డంపు'లు, అంటే పాత ప్రశ్నలూ జవాబులూ. /26కి హోస్టులెన్ని అంటే నిద్రలో లేపినా 62 అంటాడు. 64 ఎందుకు కాదంటే నేల చూపులు చూస్తాడు. ఒకటి నెట్‌వర్కుకూ ఒకటి బ్రాడ్‌కాస్టుకూ పోతాయని రెండు నిమిషాల్లో చెప్పొచ్చు, కానీ ఆ రెండు నిమిషాలు సిలబసులో ఉండవు.

నేనూ ఆ బాపతువాణ్ణే. తెలిసినవాళ్ళ ఆఫీసులో తీగ బిగించమంటే ఉత్సాహంగా వెళ్ళాను. నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట వరసగా పెట్టి రెండు కొసలూ నొక్కేశాను. టెస్టరు మీద ఎనిమిది దీపాలూ వెలిగాయి. కాలరెగరేశాను. తీరా కంప్యూటరు పెడితే నెట్ నత్తనడక, మధ్యమధ్య ఆగిపోవడం. రెండుపూటలు కొట్టుకున్నాక, కేబుల్ పని చేసే ఒకాయన చూసి నవ్వాడు. "తమ్ముడూ, దీపాలు వెలిగితే తీగ కలిసినట్టే గానీ జంట కలిసినట్టు కాదు" అన్నాడు. 3, 6 స్థానాల్లో ఒకే జంట ఉండాలి. ఆకుపచ్చ జంటను విడదీసి, మధ్యన 4, 5లో నీలం జంటను కూర్చోబెట్టాలి. మెలిపెట్టిన రెండు తీగలూ ఒకే సంకేతాన్ని మోస్తేనే బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. నేను చేసినట్టు చేస్తే ఒక జంట మాట ఇంకో జంటలోకి కారుతుంది. చవక టెస్టరుకి ఆ సంగతి తెలీదు. రంగుల వరస నాకు కంఠతా వచ్చు, కారణం మాత్రం ఆ రోజే తెలిసింది.

ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుందిగా అంటారు. దొరుకుతుంది, మంచిదే. కానీ అందులో ఎలుక తీగ కొరకదు, క్లిప్పు విరగదు.

మన హాస్టల్లోనే మంచి పాఠం ఒకటి చేజారింది. ఎవరో ఇంట్లో వాడే రౌటరు తెచ్చి గోడ సాకెట్టుకి తగిలించారు. అది తనే యజమానిననుకుని అడిగినవాడికల్లా 192.168 అడ్రసులు పంచిపెట్టింది. సగం గదులకు నెట్ పోయింది. కాంట్రాక్టరు మనిషి రాత్రి వచ్చి పీకేసి వెళ్ళాడు. ఇన్ని గదుల్లో ఆ ఒక్క సాకెట్టునూ ఎలా పట్టుకున్నాడు? విద్యార్థులు అడగలేదు, లెక్చరర్లూ అడగలేదు.

"డిగ్రీ చదివి తీగలు లాగుతావా?" అనే మాట ఇంట్లోనూ వింటాం, స్టాఫ్ రూములోనూ వింటాం. అసలు జబ్బు ఇదే. 2011లో ఆమోదం పొందిన భారత్‌నెట్, 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, ఇవన్నీ ఊళ్ళకు అద్దపు తీగ లాగే పథకాలు. తీగ తెగితే వెంట్రుకంత పోగును శుభ్రం చేసి అతికించడానికి మనిషి కావాలి. ఆ మనిషి మన తరగతిలోంచి వస్తే తప్పేమిటి?

పిల్లల చేతికిస్తే ఉన్న నెట్టూ పోతుందని పెద్దల భయం. సబబే. నడుస్తున్న స్విచ్చి ముట్టుకోనివ్వమని నేనూ అడగను. స్టోరులో దుమ్ము తింటున్న పాత స్విచ్చిల్లో నాలుగు ఇప్పించండి, ఒక బల్ల ఇప్పించండి. ఒకే తీగ రెండు కొసలూ ఒకే చవక స్విచ్చిలో గుచ్చితే నెట్ ఎలా కూలుతుందో ఆ బల్ల మీదే చూస్తాం. ఇక మెట్ల కింద గది సంగతి. కాంట్రాక్టు మళ్ళీ రాసేటప్పుడు ఒక్క వాక్యం చేర్చమని సంఘం తరఫున ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం ఇద్దాం. మరమ్మతుకి మనిషి వచ్చినప్పుడు తలుపు తెరిచి ఉండాలి, పక్కన ఇద్దరు విద్యార్థులు నిలబడాలి. సంతకాల కాగితం యూనియన్ గదిలో పెట్టాను.