ట్యూబ్‌లైటు ఆపేసి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి

మా అమ్మ పోయినప్పుడు పెద్దకర్మకి ఫోటో కావాలని ఇల్లంతా వెతికాం. పెళ్ళి ఆల్బమ్‌లన్నిట్లోనూ అమ్మ ఉంది, కానీ వెనక వరసలో ఎవరి భుజం చాటునో, లేకపోతే వంగి వడ్డిస్తూనో. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి దండ వేశాం. ఆ ఫోటోలో ఉన్నావిడ మా అమ్మలా ఉండదు.

అందుకే మా అబ్బాయి మోజుపడి కొనుక్కుని బీరువాలో పడేసిన కెమెరాని నేను బయటికి తీశాను. మా అత్తయ్యకి 81 ఏళ్ళు. మొదటిరోజు సాయంత్రం హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి ఫ్లాష్‌తో తీశాను. ముఖం పిండి పూసినట్టు, వెనక గోడ మీద నల్లటి నీడ. "ఎవరే ఈవిడ?" అంది అత్తయ్య. ఫ్లాష్ ఆపి తీస్తే అంతా అలుక్కుపోయింది.

మన ఇళ్ళలో వెలుగు లేకపోవడం కాదండీ, మనుషుల్ని తప్పుచోట కూర్చోబెడుతున్నాం. నెత్తిమీద లైటుంటే కళ్ళ కింద గుంటలు పడతాయి. వంటింటి కిటికీకి మూరెడు దూరంలో, వెలుగు ఓ పక్కనుంచి పడేలా కూర్చోబెట్టి, ట్యూబ్‌లైటు ఆపేయండి. రెండూ కలిస్తే ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకో రంగు!

ఇక కెమెరా సంగతి. డయల్ 'ఎ' లేదా 'ఏవీ' మీద పెట్టి, ఎఫ్ నంబరు ఎంత తగ్గితే అంత తగ్గించండి. కెమెరాతో వచ్చే 18-55 లెన్సుని పూర్తిగా జూమ్ చేస్తే 5.6 కంటే తగ్గదు, వెలుగు చాలదు. 18 దగ్గర 3.5 వస్తుంది గానీ, దగ్గరికెళ్ళి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. నేను 35 దగ్గర ఆగుతాను. ఐఎస్ఓ 1600. షట్టరు వేగం 1/100 కంటే తగ్గితే 3200 చేసేస్తాను. మోచేతులు గట్టు మీద ఆనించి, వరసగా నాలుగు తీస్తాను. ఒక్కటైనా కదలకుండా వస్తుంది. (50 ఎంఎం 1.8 లెన్సయితే 5.6 కంటే దాదాపు పది రెట్లు వెలుగు తీసుకుంటుంది. మావారిని అడిగి చూస్తున్నాను.)

ఐఎస్ఓ పెంచితే ఫోటోలో నూకలు చల్లినట్టు చుక్కలొస్తాయని తెలిసినవాళ్ళు భయపెడతారు. రానివ్వండి! అలుక్కుపోయిన ముఖాన్ని బాగుచెయ్యలేం గానీ, నూకలున్నా మనిషి మనిషిలాగే ఉంటుంది. ఆ దండ వెనక అలాంటి ఫోటో ఒక్కటుంటే నూకలు లెక్కపెట్టేదాన్నా?

నాకు అసలు ఒప్పుకోబుద్ధికానిది "ఉండవే, చీర మార్చుకొస్తా" అనే మాట. అమ్మ కూడా ప్రతిసారీ అదే అనేది, నేనూ సరేననేదాన్ని.

మొన్న ఉదయం ఎనిమిదింటికి అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, పాత నేతచీరలోనే తీశాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగానే ఉంది గానీ, ఎడమ చెవి కమ్మ కనపడలేదు. మళ్ళీ తియ్యి," అంది.