గిటారు దండగమారి వ్యవహారమేనా?

మన సంఘ సభ్యుల ఇళ్ళలో పిల్లవాడు గిటారు కావాలని అడిగితే వచ్చే జవాబులు మూడే మూడు. "డబ్బు దండగ" అన్నది మొదటిది. "అది మన వాయిద్యం కాదు" అన్నది రెండవది. "చదువు అటకెక్కుతుంది" అన్నది మూడవది. తామ్వేలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో ఈ మూడు మాటలూ వేదవాక్కులై కూర్చున్నాయి. ఇంజనీర్లము, బ్యాంకు ఉద్యోగులము, ఆడిటర్లము, డాక్టర్లము అని చెప్పుకునే మనము ఒక ఫ్రిజ్ కొనాలంటే నాలుగు దుకాణాలు తిరిగి బేరీజు వేస్తాము. పిల్లవాడి పదేళ్ళ ఆనందం విషయంలో మాత్రం లెక్క వేయకుండానే తీర్పు చెప్పేస్తాము. ఇది సమంజసం కాదని మా అభిప్రాయం. అందుచేత ఆ లెక్కేదో ఈ సంచికలోనే తేల్చుకుందాము.

ముందు డబ్బు సంగతి. గిటారు ఖరీదు క్యాట్లలో చెప్పి ప్రయోజనం లేదు. 2021 మొదట్లో డాలరుకు సుమారు 1,330 ఉన్న క్యాట్‌కు 2022 ఆగస్టులో సెంట్రల్ బ్యాంకే 2,100 రేటు కట్టింది. బజారులో రేటు అంతకంటే ఎంతో పైకి పోయిందని మనందరికీ తెలుసు. కనుక గంటల్లో లెక్క వేద్దాము. రోజుకు అరగంట, ఏడాదికి మూడు వందల రోజులు వాయిస్తే 150 గంటలు. పదేళ్ళకు 1,500 గంటలు. మూడు నెలలకోసారి తీగలు మార్చినా పదేళ్ళకు నలభై సెట్లు. మామూలు తీగల సెట్టు ఒకటి కొనడానికయ్యే ఖర్చు, నలుగురున్న సంసారం హోటలులో ఒక పూట భోంచేసే ఖర్చును మించదు. ఇంత తక్కువలో పదేళ్ళు నడిచే వినోదం మరొకటుంటే చూపించండి.

ఇక రెండో రకం ఇల్లు. అక్కడ కూడా అదే గిటారు కొన్నారు. పిల్లవాడు ఇరవై గంటలు వాయించి మానేశాడు. వాయిద్యం ధర అంతా ఆ ఇరవై గంటల మీదే పడింది. మొదటి ఇంట్లో గంటకు పడిన ధరకు ఇది డెబ్బై అయిదు రెట్లు. అంటే దండగ గిటారు కొనడంలో లేదు, మానేయడంలో ఉంది. తమాషా ఏమిటంటే, దండగ అని గొణిగే పెద్దల ఇళ్ళలోనే పిల్లలు త్వరగా మానేస్తారు. పొద్దస్తమానం "ఇంకెంతసేపు ఆ మోత?" అని వినిపించే ఇంట్లో ఏ విద్య నిలుస్తుంది?

పిల్లలు మానేయడానికి బద్ధకమే కారణమని తీర్మానించే ముందు ఒక్కసారి ఆ వాయిద్యాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. రంగూనులో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం మే నుంచి అక్టోబరు లోపలే. ఆ చెమ్మకు గిటారు పైచెక్క ఉబ్బుతుంది, దండి వంగుతుంది, తీగలు మెట్ల మీద నుంచి పైకి లేస్తాయి, ఉక్కుతీగలకు తుప్పు పడుతుంది. అప్పుడు తీగ నొక్కాలంటే పెద్దవాళ్ళ వేళ్ళే కోసుకుపోతాయి, పదేళ్ళ పిల్ల మాట చెప్పాలా? వీణకు మెట్లు సరిచేయించే వాళ్ళ కోసం వెతికే మనము, గిటారుకూ అటువంటి మరమ్మతు ఉంటుందని తెలుసుకోము. దండిలో ఇనుప కడ్డీ ఉన్న గిటారైతే దాన్ని కాస్త తిప్పి, తీగల కింది వంతెనను కాస్త అరగదీస్తే సరిపోయే పనికి, "మనవాడికి సంగీతం అబ్బలేదు" అని బిడ్డ నొసట రాసేస్తాము. చిన్నపిల్లలకు నైలాను తీగల గిటారు మేలని, వానాకాలంలో దాన్ని పెట్టెలో చెమ్మ పీల్చే పొట్లంతో సహా దాచాలని చెప్పేవాళ్ళు కావాలి గాని, ఈసడించేవాళ్ళు కాదు.

రెండవ అభ్యంతరం, "అది మనది కాదు" అనడం. మరి ఏది మనది? కర్ణాటక సంగీత సభలో వయొలిన్ లేకుండా కచేరీ నడుస్తుందా? అది దొరల వాయిద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పందొమ్మిదవ శతాబ్దంలో దాన్ని మన సంగీతంలోకి తెచ్చిన ఆద్యులలో ఒకరు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగరంలో దాన్ని తెలుగువారి సొత్తు చేశారు. హార్మోనియం ఇంకా విచిత్రం. 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది, 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. కాని హార్మోనియం శ్రుతి లేకుండా మన పద్యనాటకం ఊహించగలమా? ఆ ముప్పై ఏళ్ళూ పల్లెల్లో హార్మోనియం మోగుతూనే ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తనలు పలికించి, 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో ఆయన పోయినప్పుడు మాండొలిన్ పరాయిదని ఎవరైనా అన్నారా?

గిటారు వీణకు సాటి అని మేము వాదించడం లేదు. వీణ మీద తీగ లాగి గమకం పలికించినంత సులువుగా మామూలు గిటారు మీద పలకదు. కృతులు నేర్వదలచిన పిల్లకు వీణో వయొలినో ఇప్పించండి, సంతోషం. కాని వీణ మీద ఒక కీర్తన వినసొంపుగా పలకాలంటే ఏళ్ళు పడుతుంది. గిటారు మీద మూడు నాలుగు స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు ఉంటాయి, వాటినే కార్డ్స్ అంటారు. అటువంటివి నాలుగు వస్తే కొద్ది నెలల్లోనే పిల్లవాడు తన పాటకు తానే తోడు వాయించుకోగలడు. మనకు కావలసింది ఆ పాట.

పైగా వీణ గొప్పతనం గురించి మాట్లాడే హక్కు మనలో ఎందరికి ఉంది? పెళ్ళిచూపుల దాకా నేర్పించి, పెళ్ళయ్యాక గుడ్డ కప్పి బీరువా మీదికి ఎక్కించిన వీణలు ఎన్ని లేవు మన ఇళ్ళలో? ఆ ఖర్చు మాత్రం మనకు దండగగా కనబడదు, అది సంప్రదాయం పద్దులో వ్రాసుకుంటాము!

మూడవది చదువు. ఈ దేశంలో సాయ్ ఖమ్ లేక్ అనే షాన్ జాతీయుడున్నాడు. చదివింది వైద్యం. ఆయన కట్టిన పాటలు సాయ్ టీ సాయింగ్ గొంతులో దేశమంతా మారుమోగాయి. 1970లలో స్టీరియో పాటలని పేరుపడ్డ తరంలో వీరిద్దరిదీ పెద్ద పీట. పాట కట్టినందువల్ల ఆయన డాక్టరీ ఎక్కడికీ పోలేదు. అరగంట గిటారుకు పోయే చదువు, రెండు గంటలు చేతిలో ఫోను తిప్పినా పోవడంలేదా? దానికి ఇంట్లో ఎవరూ అడ్డుచెప్పరేం? అది చప్పుడు చేయదు గనుకనా?

అసలు మన మనసులో మాట వేరే ఉంది, దాన్నీ బయటికి తీద్దాము. సాయంకాలం సందు మొదట్లో, టీకొట్టు ముందు బర్మా కుర్రవాళ్ళు గిటారు పట్టుకుని పాడుకుంటారు. ఉద్యోగస్థుల పిల్లలు వాళ్ళలో కలవకూడదని మన బాధ. కాని ఆ కుర్రవాళ్ళు పాడేది ఏ భాషలో? వాళ్ళ భాషలో! ఎంతటి కష్టకాలంలోనైనా వాళ్ళ పాట వాళ్ళ నోట ఉంది. మన పిల్లలు పాడితే బర్మా పాట, లేకపోతే ఇంగ్లీషు పాట. తెలుగు పాట పండుగనాడు స్టేజీ మీద, చీటీ చూసి, చప్పట్ల కోసం. ఇందులో సిగ్గుపడవలసింది ఎవరు, టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళా, మనమా?

ఈ ఊళ్ళో తెలుగువారికి లాభనష్టాల పాఠం ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చిన వాళ్ళ సంతతి ఇక్కడ ఉంది. 1942లో లక్షల మంది కొండలు, అడవులు దాటి నడిచిపోయారు. 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. ఆ రోజుల్లోనే దుకాణాలు జాతీయమై, లక్షలాది భారతీయులు సొమ్మూ నగలూ వెంట తీసుకుపోనివ్వక వట్టి చేతులతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు ఆ పేరుతోనే వెలిసింది. 1985లో మళ్ళీ నోట్ల రద్దు. 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్ల నోట్లు నష్టపరిహారమే లేకుండా చిత్తుకాగితాలయ్యాయి. దాచింది నిలుస్తుందని ఏ ధైర్యంతో చెప్పగలం? వేళ్ళలో ఉన్న పట్టును, గొంతులో ఉన్న పాటను మాత్రం ఏ సర్కారూ రద్దు చేయలేదు, ఏ కస్టమ్స్ వాడూ పెట్టె తెరిచి లాక్కోలేడు. గిటారే పోయినా విద్య పోదు. ఏ ఊళ్ళో ఎవరి గిటారు దొరికినా మళ్ళీ వాయించవచ్చు. బదిలీల మీద బ్రతికే ఉద్యోగస్థుల సంసారాలకు ఇంతకంటే నికరమైన ఆస్తి ఏది? కరెంటు పోయిన రాత్రి టీవీ, కీబోర్డు మూగబోతాయి. చెక్క గిటారుకు కరెంటుతో పనే లేదు.

గిటారు కొన్న తల్లిదండ్రులను కూడా రెండు మాటలు అనక తప్పదు. మూడవ నెల నుంచే గ్రేడు పరీక్షలు, సర్టిఫికెట్టు, పక్కింటి అమ్మాయితో పోటీ! పరీక్ష ముగియగానే వాయిద్యం మూలకు చేరుతుంది. వయసు వచ్చిన మగవాళ్ళ వరస మరొకటి. వాయించేది ఒక్క పాట, కొనేది మూడు గిటార్లు, పైన ఒక యాంప్లిఫయరు. ఇవే నిజమైన దండగలు. కొనుగోలు వేరు, సాధన వేరు.

కాబట్టి మన సంఘానికి మా విన్నపం ఇది. ప్రతి ఇల్లూ కొత్త గిటారు కొనడానికి పరుగెత్తనక్కరలేదు. సంఘం పేర నాలుగు గిటార్లు కొని, ఆరు నెలల గడువు మీద పిల్లలకు ఎరువిద్దాము. నిలదొక్కుకున్న పిల్లకే సొంత వాయిద్యం. ఏటా ఒకసారి వానలు వెలిశాక అన్నింటికీ మరమ్మతు చేయిద్దాము. వారానికొక సాయంత్రం పెద్దా చిన్నా కలిసి కూర్చుని పన్నెండు తెలుగు పాటలు నేర్చుకుందాము. జోలపాటైనా సరే, పల్లెపదమైనా సరే, సినిమా పాటైనా సరే. పోటీ వద్దు, బహుమతి వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. తరతరాలుగా ఇక్కడున్న ఇళ్ళ పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే ఆ పాటలను బర్మా లిపిలోనే వ్రాసుకోనిద్దాము. లిపి తరువాత నేర్పవచ్చు, నోట పాటే లేనివాడికి లిపి నేర్పి ఏం లాభం?

ఇంత చెప్పినా "దండగే" అనే పెద్దలుంటే వారికి మా పత్రికలో చోటు ఎప్పుడూ ఉంటుంది. వారి లెక్క కూడా వ్రాసి పంపవలసిందని కోరుతున్నాము. అయితే ఒక షరతు. గిటారు లేని ఇంట్లో ఆ డబ్బు ఏమయిందో, ఆ అరగంట ఏమయిందో, ఆ ఇంట్లో పిల్లలకు వచ్చిన తెలుగు పాటలు ఎన్నో, ఆ మూడు పద్దులూ తప్పకుండా చూపించాలి.