పండుగ రోజు విమానం నడిపేదెవరు? పైలట్ల బిడ్డింగ్, సెలవులు, యూనియన్ ఓట్లతో ప్రయాణికులకు సంబంధమేంటి?

సంక్రాంతి దగ్గరపడుతుంటే ఏ ఆఫీసులోనైనా ఒకటే గొడవ. అందరికీ ఆ నాలుగు రోజులే సెలవు కావాలి. కానీ ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి. కొన్నిచోట్ల మేనేజర్ చెప్పిందే వేదం. కొన్నిచోట్ల పోయినసారి పనిచేసినవాళ్లకు ఈసారి సెలవు. మరికొన్ని చోట్ల ముందు చేరినవాళ్లదే ముందు మాట.

ఇదే గొడవను సుమారు 15 వేల మంది పైలట్లున్న ఒక విమానయాన సంస్థలో ఊహించుకోండి. పండుగకు ప్రయాణికులు పెరుగుతారు. పైలట్లందరికీ ఆ రోజే ఇంట్లో ఉండాలని ఉంటుంది. ఈ లెక్క తప్పితే రద్దయ్యేది మన టికెట్టే.

అమెరికాలో ఈ లెక్క తేల్చడానికి దశాబ్దాలుగా ఉన్న పద్ధతి బిడ్డింగ్. దాని నియమాలను యూనియన్, యాజమాన్యం కలిసి రాసుకుంటాయి. ఆ ఒప్పందంపై పైలట్లు ఓటేస్తారు.

బిడ్డింగ్ అంటే వేలం పాటేనా?

కాదు. ఇక్కడ డబ్బు చేతులు మారదు. పైలట్ తనకు ఏ పని కావాలో, ఏది వద్దో చెబుతారు. అంతే.

ప్రతి నెలా కంపెనీ ముందుగా వచ్చే నెల ట్రిప్పుల జాబితా ఇస్తుంది. ఒక ట్రిప్పు అంటే బేస్ ఎయిర్‌పోర్టులో బయల్దేరి మళ్లీ అక్కడికే వచ్చేదాకా చేసే ప్రయాణాల వరుస. అది ఒక్క రోజులో ముగియొచ్చు, నాలుగైదు రోజులు సాగొచ్చు. ‘ఉదయం 6 గంటలకు ముందు డ్యూటీ వద్దు’, ‘శని, ఆదివారాలు సెలవు కావాలి’, ‘లండన్ ట్రిప్పులు ఇవ్వండి’ అంటూ పైలట్లు తమ కోరికలను సిస్టంలో నమోదు చేస్తారు. దీన్నే ప్రిఫరెన్షియల్ బిడ్డింగ్ సిస్టం, క్లుప్తంగా పీబీఎస్ అంటారు.

తర్వాత సాఫ్ట్‌వేర్ సీనియారిటీ జాబితా తెరుస్తుంది. ఒకే బేస్, ఒకే రకం విమానం, ఒకే హోదా ఉన్నవారిలో మొదటి నంబరు పైలట్ కోరిక ముందు తీరుస్తుంది. తర్వాత రెండో నంబరు, మూడో నంబరు. కింద ఉన్నవాళ్లకు మిగిలిందే దక్కుతుంది. కొందరికి ట్రిప్పులే ఉండవు. వాళ్లు ‘రిజర్వ్’. అంటే ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, వాతావరణం చెడి షెడ్యూల్ తారుమారైతే, ఫోన్ రాగానే బయల్దేరాల్సినవారు.

వార్షిక సెలవులదీ ఇదే దారి. ఏడాదికి ముందే వారాలవారీగా బిడ్లు పిలుస్తారు. వేసవి వారాలు, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ పైనున్నవాళ్లకు పోతాయి. కొత్తగా చేరినవారికి పిల్లల స్కూలు నడిచే రోజుల్లో సెలవు దొరకొచ్చు.

సీనియారిటీ నంబరుకు అంత విలువెందుకు?

ఆ నంబరు ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి వస్తుంది. పనితీరు, పైవాళ్లతో పరిచయం, అంతకుముందు ఎక్కడ ఎన్నేళ్లు నడిపారన్నవి లెక్కలోకి రావు. వేరే సంస్థకు మారితే 20 ఏళ్ల అనుభవం ఉన్నా జాబితాలో అట్టడుగు నుంచే మొదలు. అందుకే అక్కడి పైలట్లు సాధారణంగా పెద్ద సంస్థలో చేరాక మళ్లీ మారరు. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్లు 65 ఏళ్లకు తప్పుకోవాలి. పైవాళ్లు రిటైరయ్యేకొద్దీ కిందివాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కుతారు.

ఈ పద్ధతిలో విచిత్రమైన ఫలితాలూ వస్తాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో అంతకుముందు ఏడాదిలో ప్రకటించిన కెప్టెన్ ఖాళీల్లో దాదాపు సగం భర్తీ కాలేదని 2023లో రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. ప్రమోషన్, ఎక్కువ జీతం ఇస్తామంటే వద్దనడమేంటి? కో-పైలట్ల జాబితాలో పైన ఉన్న వ్యక్తి కెప్టెన్ అయితే, కెప్టెన్ల జాబితాలో అడుగుకు చేరతారు. మళ్లీ రిజర్వ్, మళ్లీ పండుగ డ్యూటీలు, మళ్లీ అర్ధరాత్రి ఫోన్లు. చాలామంది డబ్బు కంటే ఇంట్లో ఉండే రోజులనే ఎంచుకున్నారు.

ఒక వారం సెలవు 11 రోజులు ఎలా అయ్యేది?

పీబీఎస్‌కు ముందు ‘లైన్ బిడ్డింగ్’ ఉండేది. కంపెనీయే నెల మొత్తానికి సరిపడా షెడ్యూళ్లను తయారుచేసి పెట్టేది. పైలట్లు సీనియారిటీ ప్రకారం వాటిలో ఒకటి ఎంచుకునేవారు.

ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఒక పైలట్‌కు 10 నుంచి 16వ తేదీ వరకు సెలవు ఉందనుకుందాం. ఆయన ఎంచుకున్న షెడ్యూల్లో 8 నుంచి 11 వరకు ఒక ట్రిప్పు, 15 నుంచి 18 వరకు మరో ట్రిప్పు ఉన్నాయి. రెండూ సెలవుకు అడ్డం వస్తున్నాయి. ట్రిప్పు మధ్యలో దిగిపోలేరు కాబట్టి రెండూ పూర్తిగా రద్దవుతాయి. 7 రోజుల సెలవు కాస్తా 8 నుంచి 18 వరకు, 11 రోజులవుతుంది. ఒప్పందాన్ని బట్టి ఆ ట్రిప్పులకు వేతనమూ రావొచ్చు.

పీబీఎస్ ముందు సెలవును చూస్తుంది. దానికి అటూ ఇటూ తగలకుండా ట్రిప్పులు పేరుస్తుంది. శిక్షణ తేదీలకూ ఇదే వర్తిస్తుంది. ట్రిప్పులు రద్దు కావు, వాటికోసం వేరే పైలట్లను వెతకక్కర్లేదు. అంటే అవే విమానాలను తక్కువ మందితో నడపొచ్చు. పైలట్‌కు కోరికలు చెప్పుకునే స్వేచ్ఛ పెరిగింది, కంపెనీకి ఖర్చు తగ్గింది. ఆ మిగులులో తమ వాటా ఎంతన్నదే యూనియన్ల ప్రశ్న. సాఫ్ట్‌వేర్ మార్పులా కనిపించేది అక్కడ బేరసారాల అంశం కావడానికి కారణం ఇదే.

లెక్క తప్పితే ఏమవుతుంది?

మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది అమెరికన్ ఎయిర్‌లైన్స్. 2017 నవంబర్‌లో సిస్టంలో వచ్చిన లోపం వల్ల, సరిపడా రిజర్వ్ పైలట్లు ఉన్నట్లు కంప్యూటర్ చూపించింది. దాంతో క్రిస్మస్ ట్రిప్పులను వదులుకోవడానికి వీలు కల్పించింది. పైలట్లు వదులుకున్నారు. డిసెంబర్ 17 నుంచి 31 వరకు 15 వేలకు పైగా విమానాలకు కెప్టెన్, కో-పైలట్ లేదా ఇద్దరూ లేకుండా పోయారని వారి యూనియన్ అలైడ్ పైలట్స్ అసోసియేషన్ చెప్పింది. ఒకటిన్నర రెట్లు వేతనం ఇస్తామని కంపెనీ ప్రకటించింది. తమతో మాట్లాడకుండా వేతనం ఎలా నిర్ణయిస్తారని యూనియన్ అభ్యంతరం చెప్పింది. కొన్ని రోజుల్లోనే ఇద్దరికీ ఒప్పందం కుదిరి పండుగ గండం గడిచింది. 2022 జులైలో మళ్లీ అలాంటి లోపమే వచ్చింది. ఈసారి 12 వేలకు పైగా విమానాలకు సిబ్బంది లేకుండా పోయారు. వదులుకున్న ట్రిప్పులను తిరిగి తగిలించిన పైలట్లకు రెట్టింపు వేతనం ఇవ్వాల్సి వచ్చింది.

రెండోది ఐరోపాకు చెందిన ర్యాన్ఎయిర్. సెలవుల సంవత్సరాన్ని ఏప్రిల్-మార్చి నుంచి జనవరి-డిసెంబర్‌కు మార్చే క్రమంలో పైలట్ల సెలవులు పేరుకుపోయాయి. 2017 సెప్టెంబర్‌లో ఆరు వారాలపాటు రోజుకు 40 నుంచి 50 విమానాలు రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. ఆ తర్వాత చలికాలం షెడ్యూల్ నుంచి మరో 18 వేల విమానాలు తీసేసింది. ఏళ్ల తరబడి యూనియన్లను గుర్తించేది లేదన్న ఆ సంస్థ, సమ్మె హెచ్చరికల మధ్య అదే ఏడాది డిసెంబర్‌లో పైలట్ల యూనియన్లను గుర్తిస్తామని చెప్పింది.

మూడోది మన ఇండిగో. పైలట్ల విశ్రాంతిపై డీజీసీఏ తెచ్చిన కొత్త నిబంధనలు 2025 జులై 1న, నవంబర్ 1న రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. వారానికి 36 గంటలుగా ఉన్న విశ్రాంతి 48 గంటలైంది. రాత్రి ల్యాండింగ్‌ల పరిమితి ఆరు నుంచి రెండుకు తగ్గింది. దానికి తగ్గట్టు ఇండిగో సిబ్బందిని సిద్ధం చేసుకోలేదు. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్ సహా దేశవ్యాప్తంగా ఎయిర్‌పోర్టుల్లో ప్రయాణికులు సూట్‌కేసులతో పడిగాపులు కాశారు.

ఆ రోజు డీజీసీఏ తీసుకున్న ఒక నిర్ణయం గమనించదగ్గది. వారపు విశ్రాంతి బదులు పైలట్ వాడుకున్న సెలవును లెక్కలో చూపకూడదన్న నిబంధనను వెనక్కి తీసుకుంది. అంటే సొంత పనికి తీసుకున్న సెలవును విశ్రాంతి ఖాతాలో వేసుకునే వీలు కంపెనీలకు మళ్లీ దొరికింది. ప్రయాణికుల అవస్థ తీర్చడానికి తీసుకున్న చర్యే అయినా, దాని భారం పైలట్ విశ్రాంతి మీద పడింది.

ఓట్లు దేనిమీద వేస్తారు?

అమెరికాలో యూనియన్, యాజమాన్యం మధ్య తాత్కాలిక ఒప్పందం కుదిరినా అది అక్కడితో పూర్తికాదు. సభ్యులు ఓటేసి ఒప్పుకుంటేనే అమలవుతుంది. ఆ ఓటు లాంఛనం కాదు. 2022 నవంబర్‌లో యునైటెడ్ పైలట్లు తమ యూనియన్ నేతలు తెచ్చిన ఒప్పందాన్నే 94 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. 2023 సెప్టెంబర్‌లో మెరుగైన ఒప్పందానికి 82 శాతం మంది ఓకే చెప్పారు. అదే ఏడాది మార్చిలో డెల్టా పైలట్లు 78 శాతం ఓట్లతో తమ ఒప్పందాన్ని ఆమోదించారు. జీతాల శాతాలే పతాక శీర్షికలకు ఎక్కాయి. కానీ డ్యూటీల కేటాయింపు, రిజర్వ్ నియమాలు, సెలవుల అంశాలూ ఈ చర్చల్లో పెద్ద భాగమే.

ఓటు అన్నిసార్లూ అందరికీ న్యాయం చేస్తుందని కాదు. యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ సంస్థలు 2005లో విలీనమయ్యాయి. రెండు సీనియారిటీ జాబితాలను ఎలా కలపాలో మధ్యవర్తి 2007లో తీర్పిచ్చారు. అది తమకు నష్టమని యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు భావించారు. సంఖ్యలో వాళ్లే ఎక్కువ. 2008లో ఓటు వేసి పాత యూనియన్‌నే సాగనంపి కొత్తదాన్ని తెచ్చుకున్నారు. ఆ గొడవ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. నియమం ముందే ఒప్పుకున్నా, ఫలితం నచ్చకపోతే మెజారిటీ దాన్ని మార్చడానికి చూస్తుందని ఆ ఉదంతం చెబుతుంది.

మన దగ్గర ఈ పద్ధతి ఎందుకు లేదు?

సీనియారిటీ బిడ్డింగ్, దాన్ని కాపాడే ఉమ్మడి ఒప్పందం, ఆ ఒప్పందంపై సభ్యుల ఓటు.. ఈ మూడూ కలిసి ఉండటం మన ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌లో కనిపించదు. రోస్టర్ కంపెనీ చేతిలో ఉంటుంది. పైలట్ల సంఘాలు డీజీసీఏకు లేఖలు రాస్తాయి, కోర్టుకు వెళ్తాయి. కొత్త విశ్రాంతి నిబంధనలు కూడా ఢిల్లీ హైకోర్టులో కేసు తర్వాతే అమలు తేదీలకు చేరాయి.

మాట చెప్పుకునే దారి లేనప్పుడు అసంతృప్తి వేరే రూపంలో బయటపడుతుంది. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు, యూనియన్ పెట్టినవారిని తొలగించారంటూ మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. 2024 ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు కొత్త వేతన విధానం, ఊపిరాడనివ్వని రోస్టర్లపై అసంతృప్తితో ఉన్న సమయంలో డ్యూటీకి వచ్చేవాళ్లు తగ్గారు. కంపెనీ విమానాలు కుదించుకోవాల్సి వచ్చింది. రెండుసార్లూ ఇబ్బంది పడింది ప్రయాణికులే.

అమెరికా పద్ధతిని మక్కీకి మక్కీ తెచ్చుకోవాలని కాదు. అందులో చిన్నపిల్లల తల్లిదండ్రులైన జూనియర్ల మీదే పండుగ డ్యూటీల బరువంతా పడుతుంది. ప్రాధాన్యం నెలనెలా వంతులవారీగా మారే పద్ధతులను వాడే సంస్థలూ ప్రపంచంలో ఉన్నాయి. అందులో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పండుగ దొరుకుతుంది, ఎవరికీ ప్రతిసారీ దొరకదు. ఏది మంచిదన్నదానికి ఒకే జవాబు లేదు. కానీ రాసిపెట్టిన నియమం ఉండాలి, అందులో పనిచేసేవాళ్ల మాట ఉండాలి. లేకపోతే ఆ వైరం చివరికి బోర్డింగ్ గేటు దగ్గరే తేలుతుంది.

ప్రయాణికులుగా మనం చూసుకోవాల్సినవి

పైలట్ల కొరత, రోస్టర్ వైఫల్యం వాతావరణం లాంటివి కావు, కంపెనీ చేతిలోని విషయాలు. అందుకే హక్కులు తెలిసి ఉండాలి.

* భారత్‌లో విమానం రద్దయితే ప్రత్యామ్నాయ విమానం లేదా రీఫండ్ అడగొచ్చు. బయల్దేరడానికి 24 గంటల ముందైనా చెప్పకపోతే, ప్రయాణ సమయాన్ని బట్టి రూ.5 వేల నుంచి రూ.10 వేల వరకు పరిహారం నిబంధన ఉంది. బేసిక్ చార్జీ, ఇంధన చార్జీ కలిపి అంతకంటే తక్కువైతే ఆ మొత్తమే వస్తుంది. కంపెనీ చేతుల్లో లేని అసాధారణ పరిస్థితులకు ఈ పరిహారం వర్తించదు.

* అమెరికాలో విమానం రద్దయి, మీరు వేరే విమానం వద్దనుకుంటే డబ్బు వాపసు ఇవ్వాలి. వోచర్ తీసుకోవాల్సిన పనిలేదు.

* ఐరోపా దేశాల నుంచి బయల్దేరే విమానాలకు 14 రోజుల కంటే తక్కువ గడువుతో రద్దు చేస్తే, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం రావొచ్చు.

డిసెంబర్‌లో డల్లాస్ నుంచో, న్యూజెర్సీ నుంచో పిల్లలు ఇంటికి వస్తుంటే కనెక్టింగ్ విమానాలను ఒకే టికెట్ మీద బుక్ చేయించండి. మధ్యలో ఒకటి రద్దయినా గమ్యం చేర్చే బాధ్యత అప్పుడు ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొన్న టికెట్లకు ఆ భరోసా ఉండదు.